పాత ట్యాంకుకు కొత్త కూర్పు

ఒక గ్రంథానికి రెండవ కూర్పు వెలువడినప్పుడు మంచి విమర్శకుడు అట్ట చూచి మురిసిపోడు. కొత్తగా చేర్చిన ప్రకరణాలు ఏవి? దిద్దిన తప్పులు ఏవి? దిద్దకుండా విడిచిపెట్టిన తప్పులు ఏవి? ఈ మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకొని పుటలు తిరగవేస్తాడు. యంత్రాలకు కూడా రెండవ కూర్పులు, మూడవ కూర్పులు ఉంటాయి. కాని వాటిని గురించి వచ్చే వ్రాతలలో ఈ విమర్శదృష్టి అరుదు. చేర్చిన వస్తువుల పట్టిక ఒకటి ఇచ్చి, పాత యంత్రానికి కొత్త ప్రాణం వచ్చిందని ముగించడం పరిపాటి అయినది.

2025 మార్చి 7వ తేదీన మన రక్షణ మంత్రిత్వశాఖ రష్యా దేశపు రోసోబోరోన్‌ఎక్స్‌పోర్ట్ సంస్థతో 24 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం ఒకటి చేసుకొన్నది. మన సైన్యంలోని టి-72 ట్యాంకులకు ఇంతవరకు ఉన్న 780 అశ్వశక్తుల ఇంజనుకు బదులు 1000 అశ్వశక్తుల ఇంజను అమర్చడం దాని ఉద్దేశం. ఆ ఇంజనులను మద్రాసు చెంత ఆవడిలో ఉన్న భారీ వాహనాల కర్మాగారంలో తయారు చేసుకొనే పరిజ్ఞానం కూడా ఒప్పందంలో చేరి ఉన్నది. ఈ వార్త వచ్చిన వారంలోనే మా తరగతిలో ఒక విద్యార్థి లేచి, "సార్, ఇంజను మారిస్తే ట్యాంకు కొత్తది అయినట్లేనా?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. అయితే అడిగినవాడు సైన్యంలో చేరాలని నిశ్చయించుకొన్నవాడు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లకు సరిహద్దు ఎంత దూరమైనా, అక్కడికి పోయే పిల్లలు దూరంవారు కారు. కాబట్టి ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవడం భావ్యమనిపించలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

మూలగ్రంథం

ముందుగా మూలాన్ని చూడవలెను. టి-72 ట్యాంకు 1973లో సోవియట్ సైన్యంలో ప్రవేశించింది. మన దేశం దానిని 1970ల చివర ఎంచుకొన్నది. 1980ల చివరి భాగం నుండి ఆవడిలోనే తయారు చేసి "అజేయ" అని పేరు పెట్టుకొన్నది. నేటికి కూడా ఇట్టివి రెండువేలకు పైగా మన సైన్యంలో ఉన్నాయి. దాని బరువు సుమారు 41.5 టన్నులు. ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 125 మిల్లీమీటర్లు. లోపల కూర్చునేవారు ముగ్గురు: నడిపేవాడు, గురి చూచి కాల్చేవాడు, నాయకుడు.

అదే కాలపు పాశ్చాత్య ట్యాంకులలో నలుగురు ఉంటారు. నాలుగవవాడు ఫిరంగిలో గుండు పెట్టేవాడు. టి-72 నిర్మాతలు ఆ మనిషిని తీసివేసి, ఆ పని ఒక స్వయంచాలక యంత్రానికి అప్పగించారు. మనిషి తగ్గితే లోపల చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే కప్పవలసిన ఉక్కు తగ్గుతుంది. ఉక్కు తగ్గితే బరువు తగ్గుతుంది. ఇట్లు పొట్టిగా, తేలికగా, చౌకగా, గట్టి ఫిరంగితో ఒక ట్యాంకు తయారయినది. ఈ ఒక్క నిర్ణయం నుండే దాని గుణాలూ పుట్టాయి, దోషాలూ పుట్టాయి. ఆ దోషం ఏమిటో తరువాత చూద్దాము.

యాభై ఏండ్ల యంత్రం కాబట్టి పనికిరాదు అనడం కూడా విమర్శ కాదు. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద మన సెంచూరియన్ ట్యాంకులు పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నాయి. సెంచూరియన్ రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటి నమూనా. పాటన్ దానికంటె కొత్తది. అయినా మనవారు నీరు పెట్టి తడిపిన పొలాలలో, చెరకుతోటల మధ్య పాటన్ల దాడి విరిగిపోయింది. యంత్రం వయస్సు ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. ఏ నేలమీద, ఎవరి చేతిలో, ఏ లోపంతో పనిచేస్తున్నదన్నదే నిర్ణయిస్తుంది.

కన్ను

ట్యాంకుకు చేయదగిన మార్పులలో అన్నిటికంటె లాభమైనది కంటి మార్పు. టి-72 తొలి రూపంలో రాత్రివేళ చూడడానికి ఒక పరారుణ దీపం, ఆ వెలుగును కంటికి కనిపించేటట్లు మార్చే ఒక దర్శిని ఉండేవి. మన చేతిదీపం వలెనే అది కూడా వెలుగు విసిరి, తిరిగి వచ్చిన వెలుగును చూస్తుంది. తేడా ఏమనగా ఆ వెలుగు మామూలు కంటికి కనపడదు. దాని చూపు కిలోమీటరుకు లోపే. పైగా శత్రువు వద్ద కూడా అట్టి దర్శిని ఉంటే, దీపం వెలిగించినవాడే ముందుగా బయటపడతాడు. చీకటి అడవిలో టార్చి వేసినవాడిని దూరాన ఉన్నవాడు సులభంగా పోల్చుకొన్నట్లే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. టి.వి. రిమోటు కొసను సెల్‌ఫోను కెమేరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కితే, చాలా ఫోనులలో కంటికి కనపడని మినుకు తెరమీద కనిపిస్తుంది. అది దృశ్యకాంతికి పొరుగునే ఉన్న పరారుణం. పాత దర్శిని పనిచేసేది ఈ జాతి కిరణాలతోనే.

కొత్తగా అమర్చే ఉష్ణదర్శిని సూత్రం వేరు. అది దేనిమీదా వెలుగు వేయదు. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతనుబట్టి కిరణాలను వెలువరిస్తుందని భౌతికశాస్త్రంలో చదువుకొంటాము. వీన్ నియమం ప్రకారం 2898ని పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే, ఆ వస్తువు ఏ తరంగదైర్ఘ్యం వద్ద అత్యధికంగా ప్రకాశిస్తుందో మైక్రానులలో వస్తుంది. మనిషి శరీరం 310 డిగ్రీల కెల్విన్ అనుకొంటే జవాబు సుమారు 9.3 మైక్రానులు. వేడెక్కిన ఇంజను, కాల్చిన ఫిరంగి గొట్టం ఇంకా తక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద, ఇంకా ఉజ్జ్వలంగా ప్రకాశిస్తాయి. ఈ కిరణాలకు మామూలు గాజు గోడవంటిది. అందుచేత ఈ దర్శినుల కటకాలను జెర్మేనియం వంటి పదార్థాలతో చేస్తారు.

దీని విలువ ఎంతో 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో లోకానికి తెలిసింది. ఇసుక దుమారంలో అమెరికా ట్యాంకులు ఉష్ణదర్శినులతో ఇరాక్ టి-72లను చూడగలిగాయి. ఇరాక్ ట్యాంకులు వాటిని చూడలేకపోయాయి. తమను కొట్టినది ఎవరో తెలియకుండానే అనేక ట్యాంకులు కూలిపోయాయి. ఫిరంగి ఎంత పెద్దదైనా, గురి కనపడనప్పుడు అది ఇనుప గొట్టం మాత్రమే.

ఈ విద్యలో మన తెలుగునేల పాలు చిన్నది కాదు. 1926లో మచిలీపట్నంలో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ నెలకొన్నది. బడుల ప్రయోగశాలలకు కావలసిన పరికరాలను చేసిన సంస్థ అది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలిసి, ఇప్పుడు సైన్యానికి రాత్రిదర్శినులు, ఉష్ణదర్శినులు చేస్తున్నది. బడిపిల్లల కటకం నుండి ట్యాంకు కన్ను వరకు నడిచిన ఆ దారి గుర్తుంచుకోదగినది.

అయితే ఉష్ణదర్శినికి కూడా హద్దులున్నాయి. అది తేడాను చూస్తుందే గాని వేడిని చూడదు. మే నెలలో మా భద్రాచలం ప్రాంతపు బండరాళ్లు సాయంకాలానికి మనిషి శరీరమంత వేడిమికి వచ్చే సమయం ఒకటి ఉంటుంది. అప్పుడు రాతి ముందర నిలుచున్న మనిషి ఆ తెరమీద రాతిలో కలిసిపోతాడు. దట్టమైన వెదురు పొదను దాటి కూడా అది చూడలేదు, ఎందుకంటే ఆకులు ఆ కిరణాలను ఆపుతాయి. ఇట్టి హద్దులు ఉన్నా, ఈ మార్పుకు విమర్శకుడు నిస్సంకోచంగా మంచి మార్కులు వేయవచ్చును. లోపం అంతా పంపిణీలో ఉన్నది. మన టి-72లన్నిటికీ ఈ కన్ను ఒక్కసారిగా అందలేదు; విడతలు విడతలుగా, కొన్నిటికి ముందు, కొన్నిటికి వెనుక అందుతున్నది.

గుండె

ఇక ఇంజను. 780 అశ్వశక్తులను 41.5 టన్నులతో భాగిస్తే టన్నుకు సుమారు 18.8 వస్తుంది. కవచం, పరికరాలు చేర్చి బరువు 43 టన్నులకు పెరిగిందనుకొందాము. పాత ఇంజనుతో ఈ సంఖ్య 18.1కి పడిపోతుంది, కొత్త ఇంజనుతో 23.3కి పెరుగుతుంది. దీని అర్థం ఏమిటో పదవ తరగతి లెక్కతో చూడవచ్చును.

ట్యాంకు నూటికి పది వాలున్న చఱియ ఎక్కుతున్నది. నేల ఘర్షణకు ఇంకొక ఐదు వంతులు కలిపి, మొత్తం బరువులో నూటికి 15 వంతుల బలం కావాలి. అది సుమారు 63,000 న్యూటన్లు. ఇంజను శక్తిలో 70 వంతులే పట్టాలకు చేరుతాయనుకొంటే, పాత ఇంజనుతో గంటకు సుమారు 23 కిలోమీటర్ల వేగం, కొత్తదానితో సుమారు 29 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఒక మరుగు నుండి ఇంకొక మరుగుకు పరుగెత్తేటప్పుడు ఈ తేడా ప్రాణాలు కాపాడగలదు. కాబట్టి ఇంజను మార్పు వ్యర్థమని ఎవరూ అనలేరు.

అయితే శక్తితోపాటు వేడి కూడా వస్తుంది. డీజెలులోని శక్తిలో సగానికి పైగా పొగగొట్టం గుండాను, శీతలద్రవం గుండాను వేడిగా పోవలసినదే. ఇంజను శక్తి నూటికి 28 వంతులు పెరిగితే బయటికి పంపవలసిన వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. శీతలద్రవం 105 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందాము. బయటి గాలి 25 డిగ్రీలైతే తేడా 80; మే నెల ఎండలో గాలి 45 డిగ్రీలైతే తేడా 60 మాత్రమే. వేడిని తోసే ఆ తేడాలో నాలుగవ వంతు పోయింది. రెండూ కలిపితే శీతలయంత్రం మీది భారం చల్లని దేశంలో పాత ఇంజనుకు ఉన్నదానికంటె 1.7 రెట్లు అవుతుంది. చల్లని దేశంలో రూపొందిన ఇంజనును మన ఎండలకు తెచ్చినప్పుడు రేడియేటరు, పంఖా, గేర్లు అన్నీ దానితోపాటు ఎదగవలెను. అవి ఎదగకపోతే 1000 అనే అంకె కాగితం మీదనే ఉండిపోతుంది. ఇంజను మార్పును గురించి చదివేటప్పుడు పాఠకుడు అశ్వశక్తిని మాత్రమే గాక శీతలీకరణను గురించి కూడా అడగవలెను.

పాదం

బరువు పెరిగితే నేలమీద ఏమవుతుందో చూద్దాము. టి-72 ఒక్కొక్క పట్టా 58 సెంటీమీటర్ల వెడల్పుతో, 4.27 మీటర్ల పొడవున నేలను తాకుతుంది. రెండు పట్టాలూ కలిపి 4.95 చదరపు మీటర్లు. 41.5 టన్నులను అంతమేర పరిస్తే చదరపు సెంటీమీటరుకు 0.84 కిలోగ్రాములు. ఇనుపకట్టు వేసిన చక్రాల ఎద్దుబండి ఒకటి టన్ను బరువుతో పోతున్నదనుకోండి. దాని రెండు చక్రాలూ కలిసి గట్టినేలను తాకే చోటు నూరు చదరపు సెంటీమీటర్లనుకొంటే, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోగ్రాములు. ట్యాంకుకంటె దాదాపు పన్నెండు రెట్లు! వానకాలంలో ఖమ్మం నల్లరేగడిలో బండి ఇరుసు దాకా దిగబడడం చూచినవారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు.

ఆధునికీకరణ పేరిట మూడు టన్నులు చేర్చితే ట్యాంకు ఒత్తిడి 0.84 నుండి 0.90కి పెరుగుతుంది. ఈ పెరుగుదల చిన్నదిగానే కనిపిస్తుంది. కాని పట్టాలను మోసే చక్రాలు, వాటి ఇరుసులు, వంతెనలు, ట్యాంకును మోసుకొనిపోయే బండ్లు అన్నీ మొదటి బరువుకు లెక్కకట్టినవే. ఇంటిమీద అంతస్తు వేసేటప్పుడు పునాదిని అడిగినట్లే, ట్యాంకు మీద ఏది చేర్చినా చక్రాలను అడగవలెను. చేర్పుల పట్టికలో ప్రతి వస్తువు పక్కన దాని బరువు వ్రాయకపోవడం ఇట్టి వార్తలలో సామాన్యంగా కనపడే దోషం.

చర్మం

కవచానికి వద్దాము. ట్యాంకును ఛేదించే రాకెట్లు, క్షిపణులు చాలావరకు గుండు బరువుతో గాక ఒక ఉపాయంతో పనిచేస్తాయి. గరాటు ఆకారంలో రాగి రేకు పెట్టి, దాని వెనుక ప్రేలుడు పదార్థం నింపుతారు. ప్రేలినప్పుడు ఆ రాగి సన్నని ధారగా సాగి ముందుకు దూకుతుంది. ధార కొస వేగం సెకనుకు 8 కిలోమీటర్లకు పైమాటే. ఆ ఒత్తిడికి ఉక్కు కూడా బురదవలె తొలగి దారి ఇస్తుంది.

దీనికి విరుగుడుగా పుణెలోని రక్షణ ప్రయోగశాల రూపొందించిన ప్రతిక్రియా కవచాన్ని అజేయ ట్యాంకులకు తగిలించారు. ఇవి ఇటుకలవంటి పెట్టెలు. ఒక్కొక్కదానిలో రెండు రేకుల మధ్య పలుచగా ప్రేలుడు పదార్థం ఉంటుంది. రాగి ధార తగలగానే అది ప్రేలి, రేకులు ఏటవాలుగా ఎగిరి ధారను ముక్కలు చేస్తాయి. తక్కువ బరువుతో ఎక్కువ రక్షణ ఇచ్చే తెలివైన ఏర్పాటు ఇది.

కాని ఒకసారి ప్రేలిన ఇటుక రెండవసారికి ఉండదు. శత్రువు కూడా ఊరుకొని ఉండడు. ముందొక చిన్న మందు, వెనుక పెద్ద మందు పెట్టి, చిన్నదానితో ఇటుకను ప్రేల్చి, పెద్దదానితో ఉక్కును తొలిచే జంట మందుల క్షిపణులు వచ్చాయి. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. హైదరాబాదు ప్రయోగశాలలో రూపొందిన "నాగ్" క్షిపణి అట్టిదే. పైగా అది ట్యాంకును ముందునుండి గాక నెత్తిమీద, కవచం పలుచగా ఉన్న చోట కొట్టగలదు. 2020లో నగోర్నో కరాబఖ్‌లోను, 2022 నుండి ఉక్రెయిన్‌లోను డ్రోనులు చేసిన పని కూడా ఇదే. మనం ఎదుటివారి ట్యాంకును ఏ ఉపాయంతో కొట్టగలమో, ఆ ఉపాయంతోనే మన ట్యాంకును ఎదుటివారు కొట్టగలరు. ముందుభాగాన ఇటుకలు పేర్చి రక్షణ పూర్తి అయినదనుకోవడం వాకిటి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు మరచిపోవడమే.

దిద్దని తప్పు

ఇంతవరకు చెప్పినవి దిద్దిన తప్పులు, లేదా కొంత దిద్దిన తప్పులు. ఇప్పుడు మూడవ ప్రశ్న. దిద్దకుండా విడిచినది ఏది?

నాలుగవ మనిషిని తీసివేసి యంత్రం పెట్టారని చెప్పుకొన్నాము. ఆ యంత్రానికి గుండ్లు అందించడానికి ట్యాంకు అడుగున, మనుషుల కాళ్లకింద, గుండ్రని తిరుగుడు పళ్లెం ఒకటి ఉన్నది. దానిలో 22 గుండ్లు, వాటిని తోసే 22 చోదకమందు పొట్లాలు అమర్చి ఉంటాయి. ఆ పొట్లం గుల్ల చాలావరకు మండిపోయే పదార్థమే. అడుగున మాత్రమే ఉక్కు గిన్నె ఉంటుంది. పళ్లెంలోని మందు అంతా కలిపితే నూరు కిలోగ్రాములకు మించుతుంది. పళ్లెంలో పట్టని గుండ్లు, పొట్లాలు ముగ్గురు మనుషుల చుట్టూ గోడలవారన, సందులలో అమర్చుతారు.

చోదకమందు మండడానికి బయటి గాలి అవసరం లేదు. దానికి కావలసిన ఆమ్లజని దానిలోనే ఉన్నది. కాబట్టి నూనె మంటను ఆర్పే పరికరాలు దీనిని ఆర్పలేవు. అంతేగాక, ఒత్తిడి పెరిగినకొద్దీ ఈ మందు ఇంకా వేగంగా మండుతుంది. వేగంగా మండినకొద్దీ మూసిన గదిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

పైన తిరిగే భాగాన్ని, అనగా ట్యాంకు తలను, లేపడానికి ఎంత ఒత్తిడి కావాలో లెక్క కడదాము. తల బరువు 12 టన్నులు, అది కూర్చున్న వలయం వ్యాసం 2 మీటర్లు అనుకొందాము. వలయ వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. బిగించిన మరల బలాన్ని ప్రస్తుతానికి విడిచిపెడితే, చదరపు మీటరుకు సుమారు 37,500 న్యూటన్ల అదనపు ఒత్తిడి చాలును. అది మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో నూటికి 37 వంతులు మాత్రమే! నూరు కిలోగ్రాములకు మించిన మందు ఒక్కసారిగా మండితే పుట్టే ఒత్తిడి ముందు ఇది లెక్కలోనిది కాదు. 1991లో ఇరాక్‌లోను, 2022 తరువాత ఉక్రెయిన్‌లోను తలలు ఊడి పక్కన పడి ఉన్న టి-72ల చిత్రాలు లోకమంతా చూచింది. వాటిని చూచి కొందరు నవ్వుకొన్నారు. నవ్వదగిన విషయం కాదు. ఆ క్షణంలో లోపల ఉన్నవారికి తలుపు తెరిచే వ్యవధి ఉండదు.

అమెరికా వారి ఏబ్రమ్స్ ట్యాంకులో, 1980 నాటికే, మందుగుండులో అధికభాగాన్ని తల వెనుక విడిగా ఒక గదిలో పెట్టారు. మనుషులకు, ఆ గదికి మధ్య జారుడు తలుపు ఉంటుంది. గది కప్పులో కావాలనే బలహీనమైన పలకలు పెట్టారు. మందు అంటుకొంటే పలకలు ఎగిరిపోయి మంట పైకి పోతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కరు రక్షక కవాటం చేసే పని ఇదే. దీనికి చెల్లించిన మూల్యం నాలుగవ మనిషి, ఎక్కువ బరువు. టి-72 ఆ మూల్యం చెల్లించలేదు. దాని బదులు ఇంకొక మూల్యానికి ఒప్పుకొన్నది. కన్ను మార్చినా, ఇంజను మార్చినా, ఇటుకలు తగిలించినా ఆ ఒప్పందం మారలేదు. పళ్లెం అక్కడే ఉన్నది. ముగ్గురూ దాని మీదనే కూర్చొని ఉన్నారు.

తల మార్చిన ప్రయత్నం

ఈ చిక్కు మనవారికి తెలియనిది కాదు. 2000ల తొలి సంవత్సరాలలో మన రక్షణ శాస్త్రజ్ఞులు టి-72 మొండెంపై మన అర్జున్ ట్యాంకు తలను అమర్చి, 1000 అశ్వశక్తుల ఇంజనుతో "ట్యాంక్-ఎక్స్" అనే నమూనాను చేశారు. దానికి హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర ప్రయోగశాలలో పుట్టిన కాంచన్ కవచం ఉన్నది. బరువు సుమారు 47 టన్నులకు చేరింది. సైన్యం దానిని స్వీకరించలేదు. ఆలోచనలో సాహసం ఉన్నది. అయితే మొదట 41.5 టన్నులకు గీసిన దేహానికి అంత తలను పెట్టడం మూలాన్ని సగం తిరగవ్రాయడమే. సగం తిరగవ్రాయవలసి వచ్చినప్పుడు కొత్త గ్రంథమే వ్రాయడం మేలు కాదా అన్న ప్రశ్న తప్పదు.

దీనికి ఎదురుగా ఇంకొక ఉదాహరణ. 2025 జనవరిలో టి-72 దేహంపై నిర్మించే 47 వంతెన ట్యాంకుల కోసం ఆవడి కర్మాగారపు సంస్థతో సుమారు 1,560 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. ఇవి కాలువలమీద, గోతులమీద మడత వంతెనను పరిచి వెనుకవారికి దారి ఇస్తాయి. వీటికి 125 మిల్లీమీటర్ల ఫిరంగి లేదు. కాళ్లకింద మందు పళ్లెం లేదు. టి-72లో మంచిదైన భాగాన్ని, అనగా తేలికైన గట్టి దేహాన్ని ఉంచుకొని, ప్రమాదకరమైన భాగాన్ని విడిచిన పని ఇది. ఆధునికీకరణలలో ఇంత హుందాగా జరిగినవి కొద్ది.

పాల్వంచ పాఠం

పాత యంత్రాన్ని ఎంతవరకు బాగుచేస్తూ పోవాలి? ఈ ప్రశ్నకు మా ప్రాంతంలోనే ఒక పాఠం ఉన్నది. కొత్తగూడెం నుండి భద్రాచలం పోయే దారిలో, పాల్వంచ వద్ద, సింగరేణి బొగ్గుతోను కిన్నెరసాని నీటితోను నడిచే విద్యుత్కేంద్రపు పాత భాగంలో 1966 నుండి వరుసగా ఎనిమిది యంత్రాలు పనిచేశాయి. వాటి మొత్తం సామర్థ్యం 720 మెగావాట్లు. మధ్యలో పునరుద్ధరణలు జరిగాయి; వాటివల్ల ఆయుస్సు పెరిగింది. కాని బొగ్గును విద్యుత్తుగా మార్చే మూల పద్ధతి, ఆవిరి ఉష్ణోగ్రత, పొగను శుభ్రపరిచే ఏర్పాటు నాటి లెక్కలవే. 2020లో ఆ యంత్రాలను ఆపివేశారు. 2024 ఆగస్టు 5న ఎనిమిది శీతల గోపురాలను కూల్చివేశారు. పక్కనే కొత్త కేంద్రం నడుస్తున్నది.

ఆ పునరుద్ధరణలు తప్పు కావు. కొత్తది వచ్చేవరకు అవి జిల్లాకు వెలుగునిచ్చాయి. అయితే అవి ఒక దశ మాత్రమేనని, గమ్యం కాదని గుర్తించినందువల్లనే కొత్త కేంద్రం లేచింది. ట్యాంకు విషయంలోనూ ఇట్టి గుర్తింపు ఉన్నది. టి-72ల స్థానంలో రావలసిన కొత్త తరం యుద్ధశకటానికి 2024 సెప్టెంబరు 3న రక్షణ కొనుగోళ్ల మండలి ఆవశ్యకతను అంగీకరించింది. ఆమోదానికి, శకటం నేలమీద నడవడానికి మధ్య కాలవ్యవధి ఎంత తగ్గితే, పళ్లెం మీద కూర్చునే మనుషుల సంఖ్య అంత తగ్గుతుంది.

తీర్పు

విమర్శకుడు తీర్పు చెప్పక తప్పదు. అజేయకు కన్ను మార్చడం ఉత్తమమైన పని. అది అన్నిటికంటె ముందు, అన్ని ట్యాంకులకు జరగవలసిన పని. ఇంజను మార్చడం మంచి పని. కాని శీతలీకరణ దానితో సమంగా నడవవలెను. కవచం ఇటుకలు ఉపయోగమే. వాటి బరువును లెక్కలో వ్రాసుకోవలెను, నెత్తిని మరవరాదు. పళ్లెం మార్పు ఈ దేహంలో సాధ్యం కాదు. సాధ్యమైనది ఒకటే: గోడల సందులలో మందు పొట్లాలు ఉంచకుండా పళ్లెంలోని 22తోనే పోవడం. దానివల్ల కాల్చగల గుండ్లు తగ్గుతాయి. తగలగానే అంటుకొనే చోట్లు కూడా తగ్గుతాయి. ఖర్చు లేని మార్పు ఇది. ఇట్టివి వార్తలలో కనపడవు.

ఏ పాత యంత్రాన్ని గురించి వార్త వచ్చినా విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసుకొంటే చాలును. ఏమి చేర్చారు? దాని బరువెంత, వేడి ఎంత? దానికి ఎదుటివాడి జవాబు ఏమిటి? మార్చనిది ఏమిటి? మొదటి ప్రశ్నకు జవాబు వార్తలోనే ఉంటుంది. తక్కిన మూడింటికి భౌతికశాస్త్రం పుస్తకం తెరవవలెను.

ఆ విద్యార్థికి నేను ఇట్లు చెప్పాను: "కొత్తది కాలేదు నాయనా. బాగా చూడగలిగిన, త్వరగా పరుగెత్తగలిగిన పాత ట్యాంకు అయినది. నీవు రేపు దానిలో కూర్చోవలసి వస్తే దాని బలమూ తెలిసి ఉండాలి, నీ కాళ్లకింద ఏమున్నదో కూడా తెలిసి ఉండాలి." అతడు కొంచెంసేపు ఊరుకొని, ఆ తల లేచే లెక్కను మరొకసారి బోర్డు మీద వేయమన్నాడు. వేశాను.